కాటా సారుగారి అసలు బరువు

పంతొమ్మిది వందల తొంభై, జూన్ పదకొండో తేదీ, సోమవారం ఉదయం మన ఆసుపత్రి మత్తు విభాగంలో ఒక యువ వైద్యులు ఉద్యోగంలో చేరారు. ఆ రోజు వారికి కూర్చోవడానికి కుర్చీ లేదు, సంచి పెట్టుకోవడానికి బల్ల లేదు. వరండా నిండా రోగులు మాత్రం ఉన్నారు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఒకే విభాగంలో, ఒకే థియేటర్ గుమ్మం దగ్గర సేవలందించి, విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న ఆ పెద్దమనిషిని మనలో పేరుపెట్టి పిలిచేవారు తక్కువ. మనందరికీ వారు కాటా సారు.

ఆ పేరు ఎలా వచ్చిందో కొత్తవారికి తెలియదు. మన ఆసుపత్రి చుట్టూ లేతు షెడ్లు, రంపపు మిల్లులు, రేకులు వంచే ప్రెస్సులు. వేళ్ళు నలిగినవారు, అరచేయి చీరుకున్నవారు, మణికట్టు విరిగినవారు పొద్దున్నే వచ్చి వరండా బల్లల మీద కూర్చునేవారు. మత్తు యంత్రం ఒక్కటే. అది పొట్ట ఆపరేషన్లకే చాలేది కాదు. చేతి ఆపరేషన్లకు సారు ఎంచుకున్న పద్ధతి వేరు. చేతిని పైకెత్తి, రబ్బరు పట్టీ చుట్టి రక్తాన్ని పైకి పిండేసి, భుజానికి కాస్త కింద గాలి పట్టీ బిగించి, ఖాళీ అయిన రక్తనాళాల్లోకి పలచని లిగ్నోకైన్ ఎక్కించేవారు. కాసేపటికి చెయ్యి మొద్దుబారుతుంది. మనిషి మెలకువగానే ఉంటాడు, తన ఆపరేషన్ గురించి తనే వ్యాఖ్యానం చెప్పగలడు.

పద్ధతి సులువు. అందులో ప్రాణం పోవడమూ అంతే సులువు. మందంతా ఆ చేతిలోనే, గాలి పట్టీకి ఇవతల నిలిచి ఉంటుంది. ఒంటి బరువుకు తగిన మోతాదు మించినా, చేతి కండల్లోకి మందు ఇంకకముందే పట్టీ వదిలినా, ఆ మందు ఒక్కసారిగా మెదడుకూ గుండెకూ చేరుతుంది. ఈ ఒక్క విషయాన్ని మనసులో పెట్టుకునే వారు తమ ఉద్యోగ జీవితమంతా నడిపారు.

అప్పటి పై అధికారి రోగి బరువును కంటితో కొలిచేవారు.

"మనిషిని చూస్తే బరువు తెలీదటయ్యా? ఇన్నేళ్ళ సర్వీసు ఎందుకు మరి?" అన్నారట.

"తెలుస్తుందండీ. కానీ మన సర్వీసు సంగతి మందుకు తెలీదు కదండీ" అన్నారట సారు.

ఆ వారమే మూతపడిన ధాన్యం కొట్టు నుంచి ఒక పాత కాటా కొనుక్కొచ్చి థియేటర్ గుమ్మంలో పెట్టించారు. పై అధికారి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుంది. రేపట్నుంచి మనుషుల్ని కిలో ఎంతకిస్తావు?" అని నవ్వారు. పేరు అప్పుడు స్థిరపడింది. కాటా ఎక్కని మనిషి థియేటర్‌లోకి వెళ్ళడం అప్పటి నుంచి ఆగింది. మణికట్టు విరిగిన ఒక మహిళా కండక్టరు ముల్లు వైపు చూసి అదిరిపడి, "డాక్టరుగారూ, మందు ఎంతైనా ఇవ్వండి గానీ ఈ అంకె మా ఆయనకు మాత్రం చెప్పకండి" అని చెవిలో చెప్పిన మాట విభాగంలో ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

వారి రెండో నియమం, ఆపరేషన్ సాగినంతసేపూ రోగి మాట్లాడుతూ ఉండాలి. మందు రక్తంలోకి జారుతుంటే మొదట నోట్లో ఇనుము రుచి వస్తుంది, నాలుక మందమవుతుంది, చెవుల్లో హోరు పుడుతుంది, మాట తడబడుతుంది. అందుకే రోగి నోరే వారికి మీటరు. ఒకసారి సెలూన్ నడిపే ఒకాయన బల్ల మీద పడుకుని, తాను గడ్డం గీసిన ప్రతి ఇంటి గొడవా విడమరచి చెప్పడం మొదలుపెట్టాడు. ఎముకల డాక్టరుగారు, సారుకు చదువుకున్ననాటి స్నేహితులు, కత్తెర పక్కన పెట్టేశారు.

"ఒరేయ్, ఈయనకు పూర్తి మత్తిచ్చెయ్యరా. నాకు తల పగిలిపోతోంది."

"తలనొప్పికి మాత్ర వేసుకో. ఆయన నోరు ఆగితే నా గుండె ఆగుతుంది" అన్నారు సారు.

మూడో నియమం మీదే తగాదాలు ఎక్కువ. మందు ఎక్కించాక అరగంట గడవనిదే పట్టీ వదలకూడదు. విరిగిన ఎముక ఐదు నిమిషాల్లో సర్దుకున్నా సరే, పట్టీ నొక్కుకి రోగి గిలగిల్లాడినా సరే. బయట ఇంకో రోగి ఉన్నాడని ఎముకల డాక్టరుగారు కేకలేస్తుంటే, సారు గాలి గొట్టం మీద అరచెయ్యి వేసి నిలబడేవారు. "నీ ఆపరేషన్ అయింది. నాది కాలేదు" అనేవారు. ఆ అరచేతిని దాటి పట్టీ వదిలిన వారు ఈ ఆసుపత్రిలో లేరు.

అంచెలంచెలుగా పదోన్నతులు పొంది, విభాగాధిపతి అయి, ఎందరో యువ వైద్యులకు చేతి మత్తు విద్యను నేర్పారు. అలా నేర్చుకున్నవారిలో చివరివారు చిన్న డాక్టరమ్మగారు. మూడేళ్ళ క్రితం కాంట్రాక్టు మీద చేరారు. మాట తక్కువ, చెయ్యి నిలకడ. మూడేళ్ళ కాంట్రాక్టు ఏ మచ్చా లేకుండా ముగిస్తే ఆమె ఉద్యోగం పర్మినెంటు కావలసి ఉంది.

ఇక్కడ ఆపి, రెండు మంచి మాటలు చేర్చి, శుభం పలకవచ్చు. సారు ఒప్పుకోలేదు. "ఆ సంగతి లేకపోతే మీ వీడ్కోలు సంచికలో నా ఫొటో కూడా వెయ్యొద్దు" అన్నారు. చిన్న డాక్టరమ్మగారిని అడిగితే, "రాసుకోండి. నన్ను మాత్రం పొగడకండి" అన్నారు. ఇద్దరి మాటా పాటిస్తూ మిగతాది రాయడమైనది.

గత వేసవిలో సారుకు టైఫాయిడ్ వచ్చింది. కోలుకున్నారు గానీ మనిషి సగమయ్యారు. వారి శ్రీమతిగారు గట్టిగా పట్టుబట్టారు.

"ఇంకొక్క ఏడాది సర్వీసు కోసం ఒంటిని ఇలా అరగదీసుకుంటారా? పాత బరువు వైపు పెరుగుతూ ఉంటేనే డ్యూటీ. లేకపోతే సెలవు పెట్టించి ఇంట్లో కూర్చోబెడతాను."

సారుకు ఇంట్లో కూర్చోవడం చేతకాదు. థియేటర్ లేని రోజు ఎలా గడుస్తుందో వారికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. రోజూ పొద్దున్నే ఎవరూ రాకముందు గుమ్మంలోని కాటా ఎక్కేవారు. ముల్లు అరవై దగ్గరే తచ్చాడేది. సాయంత్రం ఇంటికి వెళ్ళి "డెబ్బై రెండు", ఆ తర్వాత "డెబ్బై నాలుగు", చివరికి "డెబ్బై ఆరు, ఇక వచ్చేసినట్టే" అని చెప్పేవారు. బెల్టుకు కొత్త కన్నాలు పొడిపించుకున్నారు. చొక్కా లోపల దళసరి బనియన్ వేశారు. శ్రీమతిగారు నమ్మారనే సారు అనుకున్నారు. బరువు విషయంలో ఆయన అబద్ధం ఆడతారని లోకంలో ఎవరు మాత్రం అనుకుంటారు?

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆసుపత్రి వెనక మెట్ల మీద సారు కాలు జారింది. ఎడమ మణికట్టు విరిగింది. వారికి వారి పద్ధతిలోనే మత్తు ఇవ్వాలని, అది చిన్న డాక్టరమ్మగారే ఇవ్వాలని అందరూ అనుకున్నారు. శ్రీమతిగారు పరుగున వచ్చి థియేటర్ గుమ్మం దాకా వెంట నడిచారు.

చిన్న డాక్టరమ్మగారు నసిగారు. "సార్... బరువు..."

థియేటర్ సిస్టర్ గడ్డంతో కాటా వైపు చూపించారు. ఎముకల డాక్టరుగారు చప్పట్లు కొట్టారు. "ఏరా, ఇన్నాళ్ళకు నీ కాటాకు నువ్వే సరుకువయ్యావు! ఎక్కు, ఎక్కు."

అందరూ నవ్వారు. శ్రీమతిగారు కూడా నవ్వారు. సారు ఆ నవ్వు వైపు చూశారు.

"ఎక్కడం దిగడం ఎందుకమ్మా, చెయ్యి పీకేస్తోంది. డెబ్బై ఆరు. పొద్దున్నే చూసుకున్నా."

డాక్టరమ్మగారు వారి భుజాల వైపు ఒక క్షణం చూశారు. "సార్, ఒక్కసారి ఎక్కితే..."

"నా బరువు నాకు తెలీదా?"

ఆమె తల దించుకుని డెబ్బై ఆరుకు లెక్క కట్టారు.

తలుపు మూసుకుంది. శ్రీమతిగారు బయట ఉండిపోయారు. అప్పుడైనా నిజం చెప్పవచ్చు. సిరంజిలో మందు కంటికి కనిపిస్తూనే ఉంది. ఎంత ఎక్కువ ఉందో ఆ గదిలో తెలిసినవారు వారొక్కరే. మోతాదులో కాస్త వెసులుబాటు ఉంటుందిలే, పట్టీ మంచిదే, అరగంట ఆగితే ఏమీ కాదులే అని తమకు తాము చెప్పుకున్నారు. ఈ "లే" అన్న మాట పలికిన విద్యార్థిని వారు తరగతి బయట నిలబెట్టేవారు.

చెయ్యి మొద్దుబారింది. ఎముకల డాక్టరుగారి పని చకచకా అయిపోయింది. ఎముక సర్ది, సన్నని తీగలు గుచ్చి, కట్టు కట్టేశారు. మిగిలింది పట్టీ నొక్కు. ఎందరికో "ఇంకాస్త ఓర్చుకోండి" అని చెప్పిన నొప్పి ఎలా ఉంటుందో సారుకు మొదటిసారి తెలిసింది. తడిబట్టను పిండినట్టు ఎవరో భుజాన్ని పిండుతున్నారు.

"అయిపోయింది కదమ్మా. వదిలెయ్యి."

"ఇంకా టైమ్ కాలేదు సార్. మీరు చెప్పిన టైమే."

"చెప్పినవాణ్ణి నేనే కదా. వదులు."

"కాసేపు ఓర్చుకోండి సార్" అన్నారు సిస్టర్.

"మీరూ మొదలెట్టారా?"

ఆ గొంతు రోగి గొంతు కాదు. విభాగాధిపతి గొంతు. ఆ గొంతుకు ఎదురు చెప్పడం ఆ గదిలో ఎవరికీ అలవాటు లేదు. గాలి గొట్టం మీద అడ్డంగా పెట్టే అరచెయ్యి ఆ రోజు బల్ల మీద కట్టుతో పడి ఉంది. డాక్టరమ్మగారు పట్టీ వదిలారు.

నోట్లో ఇనుము రుచి వచ్చింది. నాలుక మందమైంది. చెవుల్లో దూరంగా లేతు తిరుగుతున్నట్టు హోరు. పాఠంలో చెప్పిన వరుసలోనే వచ్చాయి, వారు గుర్తుపట్టారు. ఒక్క మాట, "బిగించు" అంటే చాలు. కానీ ఆ మాట అంటే మోతాదు ఎందుకు ఎక్కువైందో చెప్పాలి. వారు నోరు మూసుకున్నారు. ప్రాణభయం కన్నా సిగ్గు ముందు వచ్చింది.

డాక్టరమ్మగారు అప్పటిదాకా వారిని మాట్లాడించలేదు. పాఠం చెప్పినాయన్ని పాఠం అప్పజెప్పమనడానికి మొహమాటం. ఆ నిశ్శబ్దం ఆమెకు అప్పుడు తట్టింది.

"సార్, మాట్లాడండి. ఏదైనా చెప్పండి. సార్!"

పెదవులు వణికాయి. ఆ వెంటనే ఒళ్ళంతా కొట్టుకుంది.

పొగడవద్దన్నారు కనుక చేసింది మాత్రమే రాయడం. ఆమె పట్టీ మళ్ళీ బిగించారు. ప్రాణవాయువు పెట్టారు. ఫిట్స్ ఆపే మందు ఇచ్చారు. రక్తంలోని మందును లాగేసుకునే తెల్లని కొవ్వు ద్రావణం ఎక్కించారు. గొంతు పెంచలేదు. సారు బతికారు.

కళ్ళు తెరిచేసరికి వారికి మొదట తెలిసింది తమ కింద దుప్పటి తడిసి ఉందని. సిస్టర్ నడుం మీదుగా ఇంకో దుప్పటి కప్పారు. అటెండరు తల వంచుకుని నేల తుడుస్తున్నాడు. తాము పాఠాలు చెప్పిన గదిలో, పాఠం విన్నవాళ్ళ ముందు. సారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. స్పృహ మాత్రం పూర్తిగా ఉంది.

బల్ల మీద రోగికి ఫిట్స్ వస్తే విచారణ తప్పదు. సూపరింటెండెంటుగారు ముగ్గురితో కమిటీ వేశారు. డాక్టరమ్మగారు రెండే మాటలు చెప్పారు. "మోతాదు లెక్క నాది. పట్టీ వదిలిన చెయ్యి నాది." సారు ఆజ్ఞ గురించి అడిగితే, గుర్తులేదన్నారు. వారు చెప్పిన బరువు అబద్ధమని ఆమెకు తెలియనే తెలియదు.

సారు వార్డులో ఒక వారం పడుకున్నారు. పరామర్శకు వచ్చినవారు ఒకరి తర్వాత ఒకరు మంచం పక్కన కూర్చుని, "పెద్దవారు, మీకే ఇలా చేసిందంటే మామూలు జనానికి ఇంకేం చేస్తుందో" అన్నారు. "మీరు నేర్పారు, ఆమె నేర్చుకోలేదు" అన్నారు. సారు విన్నారు. ఎవరినీ ఆపలేదు. ఒకసారి తల కూడా ఊపారు. నీరసం వల్ల ఊపారని అనుకోవడానికి లేదు, వారే కాదన్నారు. ఒక ఆడకూతురి అన్నం పోతుంటే తల ఊపిన ఆ వారానికి ఈ సంచికలో సాకు వెతకడం జరగదు.

వారం చివర్లో శ్రీమతిగారు పాలు చల్లారుస్తూ అన్నారు. "పాపం, ఆ అమ్మాయి రోజూ వస్తోందండీ. గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి వెళ్ళిపోతోంది. ముఖం పీక్కుపోయింది. తెలిసి చేసిందా ఏంటి? పిలిచి, క్షమించానని ఒక్క మాట అనకూడదూ?"

సారు పాలగ్లాసు అందుకోలేకపోయారు.

"క్షమించాల్సింది నేను కాదు."

"మరెవరు?"

"నా బరువు అరవై. వేసవి నుంచీ అరవయ్యే."

శ్రీమతిగారు గ్లాసు బల్ల మీద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "బెల్టు కన్నాల సంగతి నాకు తెలుసు. చెప్పులు కుట్టే అతను అప్పుడే చెప్పాడు. మీరే నోరు విప్పుతారని ఊరుకున్నాను. నవ్విందే నా తప్పు, ఆ రోజు గుమ్మం దగ్గర. నాతో అబద్ధం ఆడారంటే అది మనింటి గొడవ. ఎలాగోలా తేల్చుకుందాం. ఆ పిల్లతో ఆడింది మనింటి గొడవ కాదు. లేవండి. చొక్కా వేసుకోండి."

మర్నాడు కమిటీ ముందు సారు మెడకు చెయ్యి వేలాడదీసుకుని నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. బరువు అబద్ధమన్నారు, పట్టీ వదలమన్నది తామేనన్నారు, ఇనుము రుచి తెలిసీ నోరు విప్పలేదన్నారు.

సూపరింటెండెంటుగారు ఇబ్బందిగా కదిలారు. "రిటైర్మెంటు ముందు ఇవన్నీ ఎందుకు సార్? మీకు మందు పడలేదని రాసేద్దాం. మీ పేరూ పోదు, ఆ అమ్మాయికీ ఏమీ కాదు."

గదిలో అందరికీ అది మంచి దారి అనిపించింది. సారుకు కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం గురించి కూడా రాయమన్నారు.

"మందు ఏ తప్పూ చెయ్యలేదు. దాని మీదికి తోయొద్దు" అన్నారు చివరికి.

"మిమ్మల్ని చూస్తే అరవై అనిపించరే" అన్నారు కమిటీలో ఒకరు, ఇంకా సర్దుబాటు ఆశతో.

"చూసి చెప్పకూడదనేగా ఇన్నేళ్ళూ గొంతు చించుకున్నాను" అని సారు బయటికి నడిచారు. కమిటీ వెంట నడిచింది. థియేటర్ గుమ్మంలో వారు దళసరి బనియన్ కూడా విప్పి కాటా ఎక్కారు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ముల్లు అరవై దాకా కూడా పోలేదు. ప్రతిదానికీ ఒక జోకు సిద్ధంగా ఉండే ఎముకల డాక్టరుగారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

చిన్న డాక్టరమ్మగారు లోపలి గది నుంచి వచ్చి ముల్లు వైపు చూశారు. కృతజ్ఞత చెప్పలేదు. కన్నీళ్ళు పెట్టలేదు.

"మీరు రోగిగా వచ్చారనుకున్నాను సార్. బల్ల మీద కూడా సారుగానే పడుకున్నారు" అన్నారు. "నేను అడగడం కాదు, ఎక్కించాల్సింది. అది నా తప్పు. మిగతాది మీది." ఆ మాట అని, తర్వాతి రోగి దగ్గరికి వెళ్ళిపోయారు.

మోతాదు తప్పు ఆమె మీద నుంచి తొలగింది. పట్టీ వదిలిన తప్పు తొలగలేదు. ఉద్యోగం పోలేదు గానీ, పర్మినెంటు కావడం ఏడాది వాయిదా పడింది. సారు సూపరింటెండెంటుగారి గదికి మూడుసార్లు వెళ్ళి, "మాట నాది" అని వాదించారు. "చెయ్యి ఆమెది" అన్న జవాబే మూడుసార్లూ వచ్చింది. నియమం ప్రకారం ఆ జవాబు సరైనదే. అది సరైనదని అందరికన్నా ఎక్కువ తెలిసినవారు సారే.

ఆ తర్వాత వచ్చిన కొత్త విద్యార్థులకు సారు ఈ కేసునే పాఠంగా చెప్పారు. కూర్చుని కాదు, నిలబడి. "రోగి అబద్ధం చెప్పాడు. రోగి నేను" అని మొదలుపెట్టేవారు. కొందరు నవ్వాలా వద్దా తెలియక పుస్తకాల్లోకి చూసేవారు. వెనక వరసలో చిన్న డాక్టరమ్మగారు కూర్చుని వినేవారు. పాఠం అయ్యాక పని గురించి మాట్లాడేవారు, పని గురించి మాత్రమే. మునుపటిలా టీ దగ్గర నిలబడి ఇంటి కబుర్లు చెప్పడం, సారు వేసే పాతకాలపు జోకులకు మొహమాటానికైనా నవ్వడం మళ్ళీ జరగలేదు. సారు అడగలేదు. అడిగే హక్కు లేదని ఒక్క శ్రీమతిగారితోనే అన్నారట.

"ఆ పిల్లకు మనసు విరిగింది. మీ ఎముకలాగా తీగలు గుచ్చితే అతికేది కాదు. ఊరుకోండి" అన్నారట ఆమె.

ముప్పై ఏళ్ళకు పైబడిన ఆ సేవలో ఈ ఆసుపత్రిలో చేతి మత్తు వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. అది వారి ఘనత, దాన్ని ఎవరూ తగ్గించలేరు. ఒక మధ్యాహ్నమూ ఒక వారమూ ఆ ఘనత పక్కనే ఉంటాయి. వాటిని ఎవరూ చెరపలేరు. చెరపమని వారు అడగడమూ లేదు.

ఇక వారు విశ్రాంతి జీవితంలో అడుగుపెడుతున్నారు. శ్రీమతిగారి చేతి తిండి తిని ఒళ్ళు చేయాలి, మణికట్టులో పట్టు తిరిగి రావాలి, రాత్రి కంటి నిండా నిద్ర పట్టాలి. ఆయుష్షు మాత్రం అందరికీ కోరినట్టు ఊరికే కోరడం లేదు. చిన్న డాక్టరమ్మగారు ఏదో ఒక రోజు పని లేకుండా వారి ఇంటి తలుపు తట్టవచ్చు. వచ్చే ఏడాది కావచ్చు, పదేళ్ళకు కావచ్చు, అసలు తట్టకపోవచ్చు, అది ఆమె ఇష్టం. తడితే, లేచి వెళ్ళి తలుపు తీసేంత ఓపికతో సారు ఇంట్లో ఉండాలి. అంతకాలం వారు ఆరోగ్యంగా జీవించాలని మన విభాగం మనసారా కోరుకుంటోంది.